సెవియాలో రెండు ఫ్లెమెంకో షోలు చూశాం, మీరు రెండోలాంటిదానికే వెళ్లండి

ముందే చెప్పేస్తున్నా, డాన్స్ గురించి తీర్పు చెప్పేంత సీన్ నాకు లేదు. స్కూల్లో రెండేళ్లు కూచిపూడి క్లాసుకి వెళ్లి, అడుగులు అయ్యి జతులు మొదలయ్యేసరికి ట్యూషన్ వంకతో మానేసిన బ్యాచ్ నేను. మా అత్తయ్యగారి సంగతి వేరు. ఆవిడ పుట్టిల్లు మొవ్వ. కూచిపూడి పక్కనే కదా, చిన్నప్పుడు చాప చంకన పెట్టుకుని వెళ్లి తెల్లారేదాకా భామాకలాపం చూసొచ్చిన మనిషి. ఆవిడ మూడు నెలల వీసా మీద మ్యూనిక్‌లో మా దగ్గరికి వస్తే అక్టోబర్‌లో నాలుగు రోజులు స్పెయిన్‌లోని సెవియాకి (ఇంగ్లీషులో సెవిల్) ప్లాన్ చేశాం. "అక్కడేముంటుందమ్మా" అంటే ఫ్లెమెంకో అన్నాను. అంటే ఏంటన్నారు. ఎర్ర గౌను వేసుకుని చేతుల్లో చిడతల్లాంటివి వాయిస్తూ ఆడతారని చెప్పాను. మంచి షోలో ఎర్ర గౌనూ లేదు, చిడతలూ లేవు, అది తర్వాతి సంగతి.

మొదటి రాత్రి తప్పు పూర్తిగా నాదే. హోటల్లో బల్ల మీదున్న బ్రోషర్ చూసి, రివ్యూలు కూడా చదవకుండా, డిన్నర్‌తో కలిపి ఉన్న షో బుక్ చేశాను. ఇద్దరికీ కలిపి 150 యూరోలు దాటింది. పెద్ద హాలు, పెళ్లి భోజనాల్లాగా పొడవాటి బల్లలు, మాతోపాటు రెండు బస్సుల టూరిస్టులు. షో మొదలయ్యాక కూడా వెయిటర్లు మన కళ్లకి అడ్డంగా తిరుగుతూనే ఉన్నారు. చల్లటి టమాటా సూప్ తెచ్చారు, చూడటానికి బాగుంది, పైన కొత్తిమీర చల్లినట్టు పంది మాంసం ముక్కలు. వెజిటేరియన్ అని బుకింగ్‌లో రాశాను, ఎవరూ చదివినట్టు లేదు. అత్తయ్య ఆలివ్ కాయలూ బ్రెడ్డూ తిన్నారు. స్టేజి మీద ఆరుగురు అమ్మాయిలు ఒకే రకం చుక్కల గౌన్లలో, ఒకే రకం నవ్వుతో, వరసగా నిలబడి ఒకేలా తిరిగారు. నేల దగ్గర మైకులు పెట్టారు కాబట్టి కాలి చప్పుడు కాలి దగ్గర్నుంచి కాకుండా మా నెత్తిమీది స్పీకర్లోంచి వచ్చింది. అత్తయ్య అరగంట ఓపిక పట్టి, నా వైపు వంగి, "రికార్డింగ్ డాన్సులా ఉంది కదమ్మా" అన్నారు. నేను మాట్లాడలేదు. అయిన బిల్లు గుర్తొచ్చి గొంతు పెగల్లేదు.

అక్కడితో ఫ్లెమెంకో చాప్టర్ క్లోజ్ అనుకున్నా. మర్నాడు పొద్దున ప్లాసా దె ఎస్పాన్యాకి వెళ్లాం, 1929 ఎగ్జిబిషన్ కోసం కట్టిన అర్ధచంద్రాకారం భవనం, అందరూ ఫొటోలు దిగేది. అక్కడ మెట్ల దగ్గర నీడలో ఒకమ్మాయి చెక్క పలక ఒకటి నేలమీద పరుచుకుని దానిమీద ఆడుతోంది, పక్కన ఒకాయన గిటార్, ఇంకొకాయన చప్పట్లు. మైకు లేదు, లైట్లు లేవు. వాళ్ల ముందు గిన్నెలో చిల్లర. అత్తయ్య ఆగిపోయారు. మోకాళ్ల నొప్పి అని ఐదు నిమిషాలకోసారి కూర్చునే మనిషి అరగంట నిలబడ్డారు. "నిన్నటి 150 ఈ పిల్లకి ఇచ్చినా సరిపోయేది" అన్నారు. సరే, ఇంకోసారి చూద్దాం అని ఈసారి బుద్ధిగా వెతికాను.

వెతకడంలో అర్థమైందేంటంటే, ఇక్కడ రెండు రకాలున్నాయి. ఒకటి తినడం తాగడం కలిపి పెట్టేవి. వాటిల్లోనూ గొప్పవి ఉన్నాయట, మాడ్రిడ్‌లో 1956 నుంచి నడుస్తున్న కొర్రాల్ దె లా మొరెరియాకి కళాకారుల్లోనే పెద్ద పేరు. రెండోది చిన్న హాళ్లు, గంటసేపు, తిండి లేదు, మైకు లేదు, మేం వెళ్లినప్పుడు టికెట్ ఇరవై, ఇరవై అయిదు యూరోల మధ్య ఉండేది. సెవియాలో కాసా దె లా మెమోరియా ఇలాంటిదే, క్రిస్టీనా ఓయోస్ అనే పెద్ద డాన్సర్ పెట్టిన ఫ్లెమెంకో మ్యూజియంలో కూడా సాయంత్రాలు షో ఉంటుంది. మాకు ఆ రోజుకి టికెట్లు దొరికింది శాంటా క్రూజ్ అనే పాత పేట సందుల్లో ఇంకో చోట. దాని పేరు రాయడం లేదు. కావాలనే. ఒకటి, కింద కొంచెం తిట్టబోతున్నాను. రెండు, ఈ హాళ్లలో కళాకారులు మారుతూ ఉంటారు, నేను చూసిన నలుగురే మీకు దొరుకుతారన్న గ్యారంటీ లేదు. కాబట్టి పేరు పట్టుకుని పోవడం కన్నా హాలు ఎలాంటిదో చూసుకోవడం నయం: మైకు ఉండకూడదు, ప్లేట్లు ఉండకూడదు, వంద కుర్చీలు మించకూడదు. నా లెక్క ఇంతే.

అది పాతకాలం ఇల్లు. మన మండువా లోగిలి లాంటిదే, మధ్యలో ఖాళీ, చుట్టూ స్తంభాలు, పైన కప్పేశారు. మూరెడు ఎత్తు చెక్క వేదిక, రెండు డబుల్ కాట్లు పక్కపక్కన వేస్తే ఎంతో అంత. దాని మీద వెదురు కుర్చీల్లాంటివి మూడు. వేదికకి మూడు పక్కలా మనం. సీటు నంబర్లు లేవు, ముందొచ్చినవాళ్లది ముందు వరస. మేం పది నిమిషాల ముందు వెళ్లాం, అరగంట ముందు వెళ్లాల్సింది. తలుపు దగ్గరున్నావిడ అత్తయ్య నడక చూసి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పక్క వైపు మొదటి వరసలో చివరి కుర్చీలో కూర్చోబెట్టింది. నాకు ఆ వెనకాల స్తంభం దక్కింది. స్తంభం అడ్డొచ్చే సీటుకి కూడా అదే రేటు తీసుకోవడం ఏం న్యాయమో నాకర్థం కాలేదు, అడిగితే నవ్వారు. గంటసేపు మెడ ఎడమ వైపు వాల్చి చూశాను, మర్నాడు మెడ పట్టేసింది. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఎదురుగా మూడో వరస కన్నా పక్కగా మొదటి వరస మేలు. ముందు తలకాయలుంటే కాళ్లు కనబడవు, కాళ్లు కనబడకపోతే సగం షో పోయినట్టే.

లైట్లు తగ్గాయి. గిటార్ ఆయన ఒక్కడే వచ్చి పది నిమిషాలు వాయించాడు. తీగలు మీటుతూనే మధ్యమధ్యలో వేలితో గిటార్ పొట్ట మీద టక్కుమని కొడతాడు, ఆ దెబ్బలకి చెక్క పాడవకుండా అక్కడ ఒక ప్లాస్టిక్ రేకు అంటించి ఉంటుంది. బాగానే ఉంది. తర్వాత గాయకుడు వచ్చి కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి, నల్ల చొక్కా, బ్యాంకులో పక్క కౌంటర్లో కనబడే మనిషిలా ఉన్నాడు. మోకాళ్లు రెండు చేతులతో రుద్దుకున్నాడు, కళ్లు మూశాడు, "ఆయ్‌..." అని ఎత్తుకున్నాడు.

ఎలా చెప్పాలి. అది రాగం తీయడం కాదు, అరుపూ కాదు. గొంతు చిరిగిపోతున్నట్టు, చిరిగినచోటే మళ్లీ పట్టుకుని లాగుతున్నట్టు. మైకు లేదు కాబట్టి ఆ ఊపిరి అందుకోవడం కూడా వినబడింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. అత్తయ్య చటుక్కున వెనక్కి తిరిగి నన్ను చూశారు, "ఎవరన్నా పోయారా?" అని. పక్కనున్న జంట మా వైపు చూశారు. నిజానికి ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే. నేను ముందు చదువుకుని వెళ్లిన దాన్నిబట్టి, ఫ్లెమెంకోలో 'పాలో' అని రకాలుంటాయి, ఒక్కోదానికి తాళం, భావం వేరు. సోలియా అంటే ఒంటరితనం, సెగిరియా అంటే చావు, జైలు, కడుపుకోత. మార్టినేటే అయితే గిటార్ కూడా ఉండదు, కమ్మరి కొలిమి దగ్గర పుట్టిన పాట అంటారు. అలెగ్రియాస్, బులెరియాస్ హుషారువి. మన టూరిస్టు బ్రోషర్లలో డాన్సే ఉంటుంది కానీ దీని ప్రాణం పాటలో ఉంది, డాన్సరు కూడా పాటకే ఆడుతుంది. అది తెలీకుండా వెళ్తే ఆ గాయకుడి పది నిమిషాలూ "డాన్స్ ఎప్పుడబ్బా" అనుకుంటూ కూర్చుంటారు. నా ముందువరసలో ఒకాయన అలాగే ఫోన్ తీశాడు, తలుపు దగ్గరావిడ వచ్చి భుజం తట్టింది.

తర్వాత డాన్సర్. ముప్పై అయిదేళ్లు పైనే, కాస్త ఒళ్లున్న మనిషి, ముదురు ఆకుపచ్చ గౌను, కొప్పు, ముఖంలో నవ్వు లేదు. వచ్చి నిలబడింది, అంతే. ఏం చేయలేదు. గాయకుడు పాడుతున్నాడు, ఈవిడ వింటోంది. ఒక చెయ్యి మెల్లిగా లేచింది, మణికట్టు తిరిగింది, వేళ్లు ఒక్కోటీ విసనకర్రలా విచ్చుకున్నాయి. ఇంతలో మడమ ఒక్కటి నేలకి తగిలింది. నా కుర్చీ కాలికి తెలిసింది ఆ దెబ్బ, నిజంగా, చెక్క నేలలోంచి వచ్చి అరికాలికి తగిలింది. నిన్న స్పీకర్లో విన్నది ఇదేనంటే నమ్మలేం.

ఇక్కడ అత్తయ్య చెప్పిన ముక్క లేకపోతే నాకు సగం అర్థమయ్యేది కాదు. షో అయ్యాక అన్నారు, "నట్టువాంగం ఆ పిల్ల కాళ్లలోనే ఉందమ్మా." మన దగ్గర నట్టువనార్ తాళం వేస్తాడు, డాన్సర్ దానికి ఆడుతుంది. ఇక్కడ తిరగబడింది. ఆవిడ కాలితో ఒక దెబ్బల గుత్తి కొడుతుంది, దాన్ని 'యమాదా' అంటారట, అంటే పిలుపు. ఆ పిలుపు విని గాయకుడు చరణం ఎత్తుకుంటాడు. ఇంకో రకం కొడితే అందరూ కత్తితో కోసినట్టు ఒకేచోట ఆగుతారు. గిటార్ ఆయన గంటసేపూ తన వేళ్ల వైపు చూసుకోలేదు, ఆవిడ మడమల వైపే చూశాడు. ఒకసారి గాయకుడు అనుకున్నదానికన్నా పాట సాగదీశాడు, ఆవిడ పాదం ఎత్తి గాల్లోనే ఆపింది, గిటార్ కూడా గాల్లోనే ఆగింది, ఆయన ముగించాకే పాదం దిగింది. రిహార్సల్ చేసుకుని వచ్చిన స్టెప్పులైతే అది జరగదు. ముగ్గురికీ భాష తెలుసు, వాక్యాలు మాత్రం అప్పటికప్పుడు. ఈ మాటామంతీ చూడటానికే దగ్గర కూర్చోమనేది.

తాళం గురించి కొంచెం. సోలియా, అలెగ్రియాస్, బులెరియాస్ మూడింటికీ పన్నెండు దెబ్బల ఆవృతం. కానీ సమానంగా మూడేసి కాదు. మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మీద ఊపు పడుతుంది. అంటే రెండు మూళ్లు, మూడు రెండ్లు. నేను సైట్లో చదివి వెళ్లి కూడా నాలుగో ఆవృతానికి తప్పిపోయాను. అత్తయ్య చీరకొంగు కింద వేళ్లతో లెక్కపెడుతూ కూర్చున్నారు, "మొదట్లో ఖండగతి (ఐదు దెబ్బల నడక) అనుకున్నా, కాదు, అటు మూడూ ఇటు రెండూ కలిపి కుట్టారు" అన్నారు. అలెగ్రియాస్ మొదట్లో గాయకుడు మాటలు లేకుండా 'తిరితి త్రాన్ త్రాన్' అని అందుకున్నప్పుడు మాత్రం ఆవిడ మొహం చూడాలి. తిల్లానా!

అందుకే ఒక విన్నపం. చప్పట్లు కొట్టకండి. అంటే అయిపోయాక కొట్టండి, మధ్యలో తాళం వేస్తున్నట్టు కొట్టకండి. ఇక్కడ చప్పట్లు కూడా వాయిద్యమే, పాల్మాస్ అంటారు. అరచేతులు గుంట చేసి మెత్తగా కొట్టేవి వేరు, వేళ్లతో అరచేతి మీద గట్టిగా కొట్టేవి వేరు. ఒకళ్లు తాళం మీద, ఇంకొకళ్లు సందుల్లో కొడుతూ అల్లుకుపోతారు. దాంట్లో మనం పెళ్లి సంగీత్ చప్పట్లు కలిపితే వాళ్లకి నరకం. ఆరోజు ఒక గ్రూపు మొదలుపెట్టింది, గాయకుడు కళ్లు తెరవకుండానే వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. 'ఓలే' అనొచ్చు, కానీ ఎక్కడపడితే అక్కడ కాదు. పద్యం ఎత్తు మీద ఉండగా కాకుండా విరుపు దగ్గర "ఆహా" అంటాం చూడండి, అలాగ. నాకు ధైర్యం చాల్లేదు. అత్తయ్యకి ఉంది. డాన్స్ చివర్లో, అందరూ నిశ్శబ్దంగా ఉన్న ఒక్క క్షణంలో, "భళా!" అన్నారు గట్టిగా. పాల్మాస్ కొడుతున్న కుర్రాడు ఆవిడ వైపు తిరిగి తలూపి "ఎసో ఎస్" అన్నాడు. అంటే అదీ లెక్క, అని. ఆ తర్వాత నన్ను పట్టలేకపోయారు, సిగ్గుతో కాదు, గర్వంతో.

మనవాళ్ల గ్రూపుల్లో ఫ్లెమెంకో మాట రాగానే "అదంతా మన కథక్కే అండీ" అనే ఒక అంకుల్ తప్పకుండా ఉంటారు. సగం నిజం, సగం తొందర. ఫ్లెమెంకోని పెంచిన గితానోల (స్పెయిన్ జిప్సీల) పూర్వీకులు వాయవ్య భారతం నుంచి బయల్దేరినవాళ్లన్నది భాషనిబట్టీ జన్యువులనిబట్టీ తేలిన విషయమే. స్పెయిన్లో వాళ్ల గురించి మొదటి కాగితం 1425 నాటిది. 'కాలో' అనే వాళ్ల యాసలో నీళ్లని ఇప్పటికీ 'పన్యీ' అంటారు. కానీ మధ్యలో కొన్ని వందల ఏళ్ల ప్రయాణం ఉంది, అండలూసియా జానపదం ఉంది, అరబ్బుల కాలం మిగిల్చినది ఉంది, అమెరికా ఖండం నుంచి తిరిగొచ్చిన లయలున్నాయి. ఇప్పుడు ప్రతి బృందంలోనూ కనబడే కహోన్ (చేత్తో వాయించే చెక్కపెట్టె) కూడా పాకో దె లూసియా 1970ల్లో పెరూ నుంచి తెచ్చుకున్నదే. పైగా ఆ పాటలో ఉన్న బాధ ఎక్కడో రాజస్థాన్ జ్ఞాపకం కాదు. 1749లో స్పెయిన్ రాజు ఒక్కసారిగా గితానోలని వేలల్లో పట్టి జైళ్లకి, గనులకి తోలాడు. సెవియాలోనే వంతెన అవతలి ట్రియానా పేటలో కొలుములు పెట్టుకుని బతికినవాళ్ల వారసుల్ని ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఊరి బయట కాలనీలకి పంపేశారు. ఇప్పుడు అదే ఊళ్లో వాళ్ల పేరు మీద టికెట్లు అమ్ముతున్నారు, మేం కొన్నాం. 2010లో ఫ్లెమెంకో యునెస్కో జాబితాలో కూడా చేరింది. మనది అనుకుని మురిసిపోయే ముందు ఇవి కూడా తెలిస్తే పాట ఇంకోలా వినబడుతుంది.

ప్రాక్టికల్ విషయాలు త్వరగా. తిండి విడిగా తినండి, షో ముందో తర్వాతో. రెస్టారెంట్లలో వంటిళ్లు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరవరు చాలాచోట్ల, కాబట్టి ఏడింటి షో చూసి తినడం సరిపోతుంది. శాకాహారులకి ఎస్పినాకాస్ కాన్ గర్బాన్సోస్ అని పాలకూర, శనగల కూర సెవియాలో ఎక్కడైనా దొరుకుతుంది, జీలకర్ర వేస్తారు, అత్తయ్య రెండుసార్లు వేయించుకున్నారు. ఏది చెప్పినా "సిన్ హమోన్" (పంది మాంసం లేకుండా) అని ఒకటికి రెండుసార్లు చెప్పండి, పంది మాంసాన్ని అక్కడ ఉప్పులాగా చల్లుతారు. చిన్నపిల్లలతో వెళ్లకండి, గంటసేపు కిక్కురుమనకుండా ఉండాలి. మావారు బాబుతో హోటల్లో ఉండిపోయారు, పాపం. శాంటా క్రూజ్ సందుల్లోకి టాక్సీ రాదు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఆ రాళ్ల బాట మీద నడకకి టైమ్ లెక్కేసుకోండి. ఇంకా టైమ్ ఉంటే రైల్లో గంట దూరంలో హెరెస్ ఉంది, బులెరియాస్‌కి పుట్టిల్లు అంటారు, అక్కడ 'పేన్యా' అని అభిమానుల క్లబ్బులుంటాయి. గ్రనడాలో సాక్రోమోంతే గుహల్లో గోడవార కుర్చీలేసి ఆడతారు. మేం రెంటికీ వెళ్లలేదు.

5కి 4 ఇస్తాను. ఆ ఒక్కటీ స్తంభానికి.

బయటికొస్తుంటే సందు మలుపులో ఆ డాన్సర్ జీన్స్ వేసుకుని సిగరెట్ కాలుస్తోంది, పక్కన గోడ మీద ప్లాస్టిక్ కవర్లో బూట్లు. అత్తయ్య తిన్నగా వెళ్లి కవర్ వైపు వేలు చూపించారు. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి స్పానిష్ రాదు. డాన్సర్ ఒక బూటు తీసి తిరగేసి అత్తయ్య చేతిలో పెట్టింది. మడమ నిండా, వేళ్ల దగ్గరా పక్కపక్కనే దిగ్గొట్టిన చిన్న మేకులు, అరిగి అద్దంలా మెరుస్తున్నాయి. ఇంకా వేడిగా ఉందట లోపల. అత్తయ్య బొటనవేలితో ఆ మేకుల్ని తడిమి, తన కాలి వైపు చూపించి గజ్జెలు కట్టుకుంటున్నట్టు అభినయం పట్టారు. ఆవిడకి వెంటనే అర్థమైంది. ఎన్ని అని వేళ్లతో అడిగింది. అత్తయ్య పది వేళ్లూ ఆడించి ఆడించి వంద దాకా వచ్చేసరికి ఇద్దరూ నవ్వేశారు.

ఆ రాత్రి హోటల్లో పడుకోబోతూ అత్తయ్య మొవ్వలో ఉన్న వాళ్ల వదినగారికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. ఏడు నిమిషాలు. డాన్స్ గురించి ఒక నిమిషం కూడా లేదు, మిగతాదంతా ఆ బ్యాంకు మనిషిలాంటి ఆయన ఎలా ఏడ్చాడో ఆవిడే పాడి వినిపించడం.